నడవలేని మనిషికి నడకే మందా?

మా అక్కకు 58 ఏళ్ళు. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయింది. మెట్లు ఎక్కడం కంటే దిగడం ఆమెకు నరకం. పూజ దగ్గర కింద కూర్చోవడం మానేసి నాలుగేళ్ళయింది. రెండేళ్ళ కిందట గుంటూరులో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి నేనే తీసుకువెళ్ళాను. ఎక్స్‌రే చూశారు, బరువు తూయించారు. 78 కిలోలు. చీటీ మీద మందులు రాసి అడుగున రెండు లైన్లు చేర్చారు: బరువు తగ్గాలి, రోజూ 45 నిమిషాలు వాకింగ్ చేయాలి. మేం లేచి వస్తుంటే, "మోకాళ్ళ మీద భారం పడనివ్వకండమ్మా, మెట్లెక్కకండి, ఎక్కువసేపు నిలబడకండి" అని జాగ్రత్త కూడా చెప్పారు. ఆటోలో కూర్చున్నాక అక్క చీటీ తీసి మళ్ళీ చదువుకుంది. "ఏమే, ఇంతకీ నన్ను నడవమన్నారా, వద్దన్నారా?" అని అడిగింది.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ డాక్టరు ఒక్కరి మీద నాకు కోపం లేదు. ఆయన రాసింది ఊరూవాడా నమ్ముతున్న మాటే. కదలకపోతే కరగదు. ఒళ్ళొచ్చిందంటే ఒళ్ళు వంచడం లేదన్నమాట. పెళ్ళి పందిట్లో కనబడిన పిన్నిగారు, లిఫ్టులో కలిసిన పక్కింటావిడ, టీవీలో ఆరోగ్యం గురించి చెప్పే పెద్దమనిషి, అందరిదీ ఒకటే పాట: "కాస్త ఒళ్ళు చేశావు, వాకింగ్ చెయ్యకూడదూ?" మీ ఇంట్లో నూనె ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తుందని మా అక్కను ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. వ్యాయామం లేకుండా బరువు తగ్గడం కుదరదన్న ఈ నమ్మకం లెక్కలోనే తప్పు. వ్యాయామం చేయలేని ఆడవాళ్ళ విషయంలో అయితే అది అన్యాయం కూడా. తాను తినేది కొలుచుకుని, కేలరీలు లెక్కపెట్టుకుని, మంచం దిగి పది అడుగులు వేయడానికి కష్టపడే మనిషి కూడా బరువు తగ్గగలదు. ఇది నా ఆశ కాదు, పరీక్షించి తేల్చిన సంగతి.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా మా అక్కలాంటి వాళ్ళనే పిలిచారు. 55 ఏళ్ళు దాటినవాళ్ళు, అధిక బరువున్నవాళ్ళు, మోకాళ్ళు అరిగి నొప్పితో ఉన్నవాళ్ళు 454 మంది. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మూడు జట్లు చేశారు. ఒక జట్టు చేత వ్యాయామం మాత్రమే చేయించారు. రెండో జట్టుకు కేలరీలు లెక్కకట్టి తిండి తగ్గించారు, వ్యాయామం జోలికి పోలేదు. మూడో జట్టు చేత రెండూ చేయించారు. 18 నెలలు గడిచాక తూకం వేశారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళు సగటున 1.8 కిలోలు తగ్గారు. తిండి మాత్రమే తగ్గించినవాళ్ళు 8.9 కిలోలు. రెండూ చేసినవాళ్ళు 10.6 కిలోలు.

ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాదిన్నర పాటు చేయించిన వ్యాయామం తెచ్చిన తగ్గుదల రెండు కిలోలు కూడా లేదు. మన డాక్టరు చీటీ మీద రాసింది ఆ దారి. రాయకుండా వదిలేసింది దాదాపు తొమ్మిది కిలోల దారి. నొప్పి తగ్గడంలోనూ, చకచకా నడవడంలోనూ రెండూ చేసినవాళ్ళే అందరికంటే ముందున్నారన్న మాట కూడా చెప్పాలి, దాచుకుంటే నేనూ తప్పు చేసినట్టే. రెండూ చేయగలిగినవాళ్ళు రెండూ చేయాలి. చేయలేనివాళ్ళ సంగతేమిటన్నదే నా ప్రశ్న. వాళ్ళకి "నడువు" అని చెప్పి పంపించేయడం వైద్యం అనిపించుకోదు.

అదే పరిశోధకులు అంతకుముందు 2005లో ఇంకొకటి కొలిచారు. మనిషి ఒక కిలో తగ్గితే, నడిచే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. అంటే అక్క అయిదు కిలోలు తగ్గితే ఆమె వేసే ఒక్కో అడుగుకీ మోకాలికి ఇరవై కిలోల బస్తా దించినట్టు. అలాంటప్పుడు ఏది ముందు, ఏది వెనక? నడిస్తే బరువు తగ్గి మోకాలు బాగుపడుతుందని మనం చెబుతున్నాం. జరగవలసింది దానికి తలకిందులుగా. ముందు కంచంలో తగ్గాలి, అప్పుడు మోకాలు తేలికపడుతుంది, ఆ తర్వాత ఆమె నడుస్తుంది.

నడకతో ఎందుకంత తక్కువ కరుగుతుందంటే, లెక్క చాలా చిన్నది. 70 కిలోల మనిషి మామూలు వేగంతో 45 నిమిషాలు నడిస్తే, ఇంట్లో కూర్చున్నదాని కంటే అదనంగా ఖర్చయ్యేది నూటికి కాస్త అటూ ఇటూ కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో, అంటే 15 మిల్లీలీటర్లలో, సుమారు 120 కేలరీలున్నాయి. వంకాయ వేపుడులో ఎవరూ గమనించకుండా పడే రెండో చెంచా నూనె పొద్దుటి నడక మొత్తాన్నీ మింగేస్తుంది. మోకాళ్ళు పట్టుకుని, చెమటలు కక్కుతూ ఒకావిడ తెచ్చుకున్నదంతా పోపు గరిటెలో పోతోంది. ఈ సంగతి చెప్పకుండా ఆమెను రోడ్డు మీదికి పంపిస్తున్నాం. నెల తర్వాత కాటా ముల్లు కదలకపోతే తన శరీరమే మొండిదని ఆమె ఏడుస్తుంది.

శరీరం ఇంకో పని కూడా చేస్తుంది. టాంజానియాలో హాజా అనే వేటగాళ్ళ తెగ ఉంది. రోజూ మైళ్ళకొద్దీ నడిచి దుంపలు తవ్వుకుని, వేటాడి బతుకుతారు. హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం వాళ్ళ శరీరాలు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నాయో కొలిచి 2012లో ప్రకటించింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, కుర్చీల్లో కూర్చుని పనిచేసే అమెరికా, యూరప్ వాళ్ళకూ వీళ్ళకూ పెద్ద తేడా కనబడలేదు. ఎక్కువ కదిలితే శరీరం ఇంకెక్కడో పొదుపు చేసుకుంటుందని పాంట్జర్ వాదన. శ్రమకు ఫలితం లేదని కాదు దీని అర్థం. శ్రమ ఎంత పెరిగితే ఒళ్ళు అంత కరుగుతుందన్న మన కూడిక తప్పని అర్థం.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అమ్మమ్మను తెస్తారు. "మా అమ్మమ్మ వడ్లు దంచింది, పిండి రుబ్బింది, బావిలోంచి నీళ్ళు తోడింది. ఆవిడకేదీ ఒళ్ళు? మీరు మిక్సీలు, గ్రైండర్లు పెట్టుకుని కూర్చున్నారు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ఇప్పటి ఆడవాళ్ళు కూర్చోలేదు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకు 299 నిమిషాలు గడిపారు. ఇంటిపని చేసే మగవాళ్ళు గడిపింది 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు వంగుతూ, లేస్తూ, తోముతూ, ఉతుకుతూ ఉన్న మనిషిని పట్టుకుని బద్ధకస్తురాలంటున్నాం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం అధిక బరువుతో ఉన్నట్టు తేలింది. ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. రెండు రాష్ట్రాల్లో ముగ్గురికొకరు ఒక్కసారిగా బద్ధకస్తులైపోయారని నమ్మడం కంటే, వంటింట్లో ఏం మారిందో చూడడం మేలు కదా.

మారింది నూనె. అమ్మమ్మ కాలంలో గానుగ నుంచి వచ్చిన నూనె గిద్దెతో కొలిచి వాడేవారు. బూరెలూ గారెలూ పండక్కీ పబ్బానికీ వండుకునేవి. ఇవాళ సాయంత్రం నాలుగయ్యేసరికి సందు చివర బజ్జీల బండి వాసన ఇంట్లోకి వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి రోజుకు 27 గ్రాముల నూనె చాలంది. నీతి ఆయోగ్ 2024 నివేదిక చూస్తే, హోటళ్ళూ మిఠాయి కొట్లూ అన్నీ కలుపుకుని, దేశంలో తలసరి వాడకం ఏడాదికి 19.7 కిలోలు. రోజుకు లెక్కేస్తే 54 గ్రాములు, సరిగ్గా రెట్టింపు. ఆ ఎక్కువైన 27 గ్రాముల్లో 240 పైగా కేలరీలున్నాయి. వాటిని నడిచి కరిగించాలంటే మా అక్క గంటన్నర పైనే నడవాలి, రోజూ, ఆ మోకాళ్ళతో.

సరే, నడవగలిగినవాళ్ళయినా ఎందుకు నడవడం లేదు? అడిగేవాళ్ళు ఒక్కరోజు ఒక ఇల్లాలి స్థానంలో ఉండి చూడాలి. పొద్దున అయిదింటికి కుళాయి వస్తుంది, ఏడింటికి క్యారేజీలు సర్దాలి. ఆ మధ్యలో చీకట్లో రోడ్డు మీదికి వెళ్తే కుక్కలు. పక్కన నడవడానికి ఫుట్‌పాత్ ఉండదు, ఉంటే దాని మీద బళ్ళు ఉంటాయి. సిజేరియన్ అయి మూడు నెలలు కాని పిల్లతల్లి, రాత్రి డ్యూటీ నుంచి తెల్లారి ఇంటికొచ్చే నర్సు, పక్షవాతం వచ్చిన అత్తగారిని వదిలి గడప దాటలేని కోడలు, వీళ్ళంతా నడక రాని బద్ధకస్తులా? 2024లో లాన్సెట్ వాళ్ళ వైద్య పత్రిక ఒకటి ప్రచురించిన అంచనా ప్రకారం, మన దేశంలో 57 శాతం ఆడవాళ్ళకు చాలినంత శారీరక శ్రమ లేదు. ఆ శాతాన్ని తగ్గించడానికి పార్కులు కావాలి, దీపాలు కావాలి, ఇంట్లో పని పంచుకునే మగవాళ్ళు కావాలి. అవన్నీ సమకూరేదాకా ఆమె బరువు గురించి చేయగలిగిందేమీ లేదా? ఉంది, ఆమె చేతిలోనే ఉంది. కొలత.

కేలరీల మాట ఎత్తగానే రెండో అభ్యంతరం వస్తుంది. అదంతా ఇంగ్లీషువాళ్ళ యావ, మన వంటకు కుదరదు, పప్పుకూ పులుసుకూ లెక్కలేమిటి అని. ఈ మాట అనేవాళ్ళు ఒకసారి హైదరాబాదులోని తార్నాక వెళ్ళి చూడాలి. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైన పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా పేరు తెచ్చుకుంది. మన బియ్యంలో, కందిపప్పులో, గోంగూరలో, చింతచిగురులో ఏముందో దశాబ్దాలుగా తూచి రాసి పెట్టింది ఆ సంస్థే. 2017లో వెలువడిన పట్టికల్లో 528 రకాల మన తిండి పదార్థాలున్నాయి. ఇంత పని మన ఊళ్ళోనే జరిగితే, దాన్ని పరాయి విద్య అంటున్నాం.

పైగా కొలత మనకు కొత్తా? గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. నాలుగు గిద్దెలు సోల అని లెక్కలు రాని ముసలమ్మకు కూడా తెలుసు. ఎసట్లో పోసే బియ్యం కొలవకుండా ఏ తెలుగింట్లోనూ అన్నం వండలేదు. ఎంతమంది తింటారో చూసి, డబ్బాలో సోల ముంచి, పైన చేత్తో చదును చేసి పోసేది మా అమ్మ. ఇంట్లో అందరికీ కొలిచిన చెయ్యి అది. ఒక్క మనిషి వంతు మాత్రం ఆ చెయ్యి ఎప్పుడూ కొలవలేదు. తనది.

ఈ మాట దగ్గర నేను కాస్త ఆగాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారం ఇక్కడే ఉందని నా నమ్మకం.

"నేనేం తింటున్నానే, నీళ్ళు తాగినా ఒళ్ళొస్తోంది" అని అక్క ఎప్పుడూ అనేది. ఆమె అబద్ధం చెప్పలేదు. 1992లో న్యూయార్క్ పరిశోధకులు ఇలాంటి పదిమందిని పరీక్షించారు. రోజుకు 1,200 కేలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గడం లేదు అన్నవాళ్ళు వాళ్ళు. శాస్త్రీయంగా కొలిస్తే వాళ్ళ ఒంట్లో ఏ లోపమూ లేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి చెబుతున్నారు, చేసిన శ్రమను 51 శాతం పెంచి చెబుతున్నారు. వాళ్ళు కావాలని మోసం చేయలేదు. మనిషి జ్ఞాపకం అంతే.

మన ఆడవాళ్ళ విషయంలో ఆ తప్పిపోయిన తిండి ఎక్కడుందో నాకు తెలుసు. అది కంచంలో లేదు. పిల్లాడు సగం తిని వదిలేసిన ఇడ్లీలో ఉంది. భర్త క్యారేజీలో తిరిగొచ్చిన రెండు చపాతీల్లో ఉంది. గిన్నె అడుగున నెయ్యి పట్టిన పప్పన్నంలో, పారేస్తే పాపమని మధ్యాహ్నం మూడింటికి నిలబడి తినేసిన నిన్నటి పులిహోరలో, ఉప్పు చూడడానికి నోట్లో వేసుకున్న మూడు గారెల్లో ఉంది. ఆమె వాటిని తినలేదు, ఖాళీ చేసింది. తన దృష్టిలో అది గిన్నెలు తోమే ముందు చేసే పని, భోజనం కాదు. అందుకే లెక్కలోకి రాదు. తరాలుగా ఆడది చివర తిన్నది, మిగిలితే తిన్నది. మిగలడానికేమీ లేని రోజుల్లో అమ్మమ్మ ఎండిపోయింది, అన్నీ మిగిలే రోజుల్లో అక్క ఒళ్ళు చేసింది. రెండు శరీరాలనూ తయారుచేసింది ఒకటే ఆచారం.

అందుకే కేలరీలు లెక్కపెట్టడం కడుపు మాడ్చుకోవడమని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. లెక్క పెట్టాలంటే ముందు ఆమె తనకంటూ ఒక కంచం పెట్టుకోవాలి. అందులో ఎంత వేసుకోవాలో తాను నిర్ణయించుకోవాలి. కూర్చుని తినాలి. మిగిలినదానికి తన కడుపు చెత్తబుట్ట కాదని ఇంట్లోవాళ్ళతో చెప్పాలి. చాలా ఇళ్ళల్లో ఇది నడక కంటే కష్టమైన పని.

అక్క ఎలా చేసిందో చెబుతాను. చిన్న కాటా ఒకటి, రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొని ఇచ్చాను. మొదటి వారం గుర్తున్నవి రాసింది. కూడితే రోజుకు 1,150 కేలరీలు కూడా రాలేదు. రెండో వారం బియ్యం తూచి, నూనె కొలిచి, నోట్లో పడ్డ ప్రతిదీ అప్పటికప్పుడే రాసింది. 1,750 దాటింది. ఆవాలకీ జీలకర్రకీ లెక్క అక్కర్లేదు. బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు ఎంత తిన్నా పెద్దగా తేడా రాదు. పట్టించుకోవలసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: నూనె, నెయ్యి, బియ్యం, పిండి, పంచదార, పల్లీలూ కొబ్బరీ, వెన్న తీయని పాలు. వాళ్ళింట్లో ముగ్గురు మనుషులకు లీటరు నూనె ప్యాకెట్ ఆరు రోజులొస్తోంది. అంటే మనిషికి రోజుకు 50 గ్రాములు. దేశం సగటు వచ్చి వాళ్ళ వంటింట్లో కూర్చుంది.

ఆమె వయసు, ఎత్తు, బరువు కేలరీల ఖర్చును అంచనా వేసే సూత్రంలో వేస్తే, కదలకుండా పడుకున్నా ఖర్చయ్యేది 1,300 కేలరీల దాకా ఉంటుంది. ఇంట్లో కదిలే ఆ కాస్త పనితో కలిపి 1,700. ఆమె 1,400 దగ్గర ఆగితే రోజుకు 300 తేడా వస్తుంది. కొవ్వు కిలోకు సుమారు 7,700 కేలరీలనుకుంటే, మొదట్లో నెలకు కిలో పైచిలుకు. పొద్దున్నే నాలుగు పెద్ద చెంచాల నూనె ఒక గిన్నెలోకి ఒంపి, ఆ రోజు ముగ్గురి వంటా దాంతోనే చేయడం మొదలుపెట్టింది. మనిషికి 18 గ్రాములు. ఆ ఒక్క మార్పుతోనే కావలసిన తేడా దాదాపు మొత్తం వచ్చేసింది. అన్నం ఆమె మానలేదు. అన్నం మానమనడం మా ప్రాంతపు మనిషిని ఊపిరి మానమనడం లాంటిది. పూటకు 70 గ్రాముల బియ్యపు అన్నం, దాని పక్కన పప్పు, ముందుకంటే రెట్టింపు కూర, పెరుగు, రోజుకొక గుడ్డు. మొదటి పది రోజులు బావగారు కూర చప్పగా ఉందన్నారు. తర్వాత అనలేదు.

ఎప్పుడూ ఒకే వేగంతో తగ్గలేదు. మూడో నెలలో మూడు వారాలు ముల్లు కదలలేదు. ఒళ్ళు తగ్గేకొద్దీ దానికి కావలసిందీ తగ్గుతుంది, ఒంట్లో నీరు ఒక్కోసారి కొవ్వు తగ్గుదలను కప్పేస్తుంది. ఈ విషయం ముందే చెప్పకపోతే చాలామంది అక్కడే వదిలేస్తారు. పద్నాలుగు నెలలకు 78 నుంచి 69కి వచ్చింది. పదో నెలలో ఒకరోజు తనంతట తానే సందు చివర రామాలయం దాకా నడిచి వెళ్ళి వచ్చింది.

"నాది థైరాయిడ్ ఒళ్ళు, లెక్కలకు లొంగదు" అనేవాళ్ళున్నారు. థైరాయిడ్ మందగిస్తే బరువు పెరిగే మాట నిజమే. అయితే అమెరికా థైరాయిడ్ వైద్యుల సంఘం మాటల్లో, దానివల్ల సాధారణంగా పెరిగేది అయిదు నుంచి పది పౌండ్లు, అంటే రెండు నుంచి నాలుగున్నర కిలోలు. దానికి మాత్ర వేసుకోవాలి. పైన ఉన్న పదిహేను కిలోలకు మాత్రం థైరాయిడ్‌ను బాధ్యురాల్ని చేయకూడదు.

ఇంకా సందేహం ఉన్నవాళ్ళు 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లను చూడండి. మౌంజారో, వెగోవీ. అవి ఎవరినీ లేపి నడిపించవు. ఆకలి తగ్గిస్తాయి, కడుపు త్వరగా నిండినట్టు చేస్తాయి, మనిషి తక్కువ తింటుంది, పది, పదిహేను శాతం బరువు దిగుతుంది. నెలనెలా వేలు పోసి కొంటున్నది తక్కువ తినడాన్నే. అవసరమైనవాళ్ళు డాక్టరు సలహాతో వాడుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ తిండి తగ్గితేనే బరువు తగ్గుతుందని ఖరీదైన మందు ద్వారా ఒప్పుకుంటూ, కాటా కొనుక్కోలేని ఆడమనిషికి మాత్రం వాకింగ్ చెయ్యమని చెప్పడం ఏం న్యాయం?

ఇక నేను గౌరవించే అభ్యంతరం ఒకటుంది. ఆడపిల్లను సన్నగా ఉండమని వేధించే లోకంలో, ఇంకా లెక్కలు నేర్పడం ఆమె మెడకు మరో ఉచ్చు కాదా అని స్త్రీవాద మిత్రులు అడుగుతారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. పెళ్ళిచూపుల కోసం కడుపు మాడ్చుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. ఎదిగే వయసు పిల్లకు కేలరీల పుస్తకం ఇవ్వకూడదు. తిన్నది కక్కేసే అలవాటో, తిండంటే భయమో ఎప్పుడైనా ఉన్నవాళ్ళు ఈ దారికి రాకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తగ్గించుకోకూడదు. షుగరుకు ఇన్సులిన్‌గానీ, కొన్ని రకాల మాత్రలుగానీ వాడుతున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్చుకోకుండా తిండి తగ్గిస్తే, షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చూసుకుంటుంటే తప్ప 1,200 కేలరీలకు కిందికి ఎవరూ వెళ్ళకూడదు. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గిస్తే కొవ్వుతో పాటు కండా పోతుంది. 58 ఏళ్ళ మనిషికి కండ పోవడమంటే ఒకరోజు బాత్‌రూములో పడిపోవడం. నా వాదన గెలవడం కోసం వీటిలో ఏ ఒక్కదాన్నీ తేలిక చేయను.

కానీ మా అక్క ఏ పెళ్ళికొడుకు కోసమూ తగ్గలేదు. తన కాళ్ళ మీద తాను లేచి నిలబడడం కోసం తగ్గింది. ఆడవాళ్ళ శరీరం మీద లోకం పెత్తనం చేస్తోందని కోపం తెచ్చుకునేవాళ్ళు, అదే శరీరం గురించి ఆమెకు నిజమైన లెక్క చెప్పకుండా దాచడాన్ని కూడా పెత్తనంగానే చూడాలి. కేలరీ పట్టికను జనంలోకి తీసుకెళ్ళిన తొలి ప్రసిద్ధ పుస్తకాన్ని 1918లో రాసింది కూడా లూలూ హంట్ పీటర్స్ అనే ఒక లేడీ డాక్టరే. తాను బరువుతో అవస్థపడి, తగ్గి, ఆ లెక్క తోటి ఆడవాళ్ళకు చెప్పాలని రాసింది.

వ్యాయామానికి నేను శత్రువును కాను. గుండెకూ, షుగరుకూ, నిద్రకూ, మనసుకూ అది చేసే మేలంతా తిండి తగ్గించడం వల్ల రాదు. తగ్గిన బరువు తిరిగి రాకుండా కాపు కాయడంలో దానికి పెద్ద పాత్రే ఉంది. నడవలేనివాళ్ళకు కూడా కుర్చీలో కూర్చుని మోకాలు చాచి కాసేపు అలాగే పట్టుకోవడం, కుర్చీ చేతులు పట్టుకుని పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం సాధ్యమే. అక్క రోజూ చేస్తోంది. అయితే అది కండ కోసం చేస్తోంది. బరువు కోసం నూనె కొలుస్తోంది. ఈ రెంటినీ విడదీసి చెప్పగలిగితే, ఎముకల డాక్టర్లు రాసే ఆ రెండు లైన్లు మారతాయి. వాకింగ్ అని రాసే చోట, ఇంట్లో ఎంతమంది, నెలకు నూనె ఎన్ని లీటర్లు అని రెండు ప్రశ్నలు అడిగి, సగం చేయండి అని రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది. తూచడం ఎలాగో చూపించడానికి ఆస్పత్రిలో ఒక నర్సమ్మ చాలు. ఆశా కార్యకర్త బీపీ చూడడానికి ఇంటికొచ్చినప్పుడు వంటింట్లో ఒక గిద్దె చేతికిచ్చి రావచ్చు.

మొన్న వెళ్ళినప్పుడు అక్క నోటుబుక్కు తిరగేశాను. ఇది మూడోది. పేజీకి ఐదు గళ్ళు తానే గీసుకుంది: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. అయిదో గడికి పైన "మిగిలినవి" అని రాసుకుంది. మొదటి పుస్తకంలో ఆ గడి చాలక మార్జిన్‌లోకి కూడా రాతలు పాకాయి. ఇందులో నెల పొడుగునా ఆ గడి ఖాళీగా ఉంది.